శ్రీసిటీ పారిశ్రామిక వాడలో ఉద్యోగమా? ఆఫర్ లెటర్‌లో ఈ లెక్క చూసుకోండి

పైన కనిపించే సీటీసీని (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) పక్కన పెట్టి, కింద ఉన్న జీతం వివరాల పట్టీ చదవండి. ఉదాహరణకు నెలకు సీటీసీ 18,253 అనుకుందాం. బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 11,000, మిగతా అలవెన్సులు 4,000. అంటే గ్రాస్ 15,000. మిగిలిన 3,253 కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ 1,320, ఈఎస్ఐ (వైద్య బీమా) 488, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) 529, బోనస్ 916. ఇవేవీ నెల జీతంలో రావు. గ్రాస్‌లోంచి మీ పీఎఫ్ 12 శాతం (1,320), ఈఎస్ఐ 0.75 శాతం (113) పోతే చేతికొచ్చేది 13,567. క్యాంటీన్, బస్సు, హాస్టల్ కటింగులు ఉంటే ఇంకా తగ్గుతుంది. అవి ఎంతో చేరకముందే అడగండి.

అసలు తిరకాసు ఓటీలో (ఓవర్‌టైమ్) ఉంది. చట్టప్రకారం ఓటీకి రెట్టింపు ఇవ్వాలి. 11,000ను 26 రోజులతో, 8 గంటలతో భాగిస్తే గంటకు 53 రూపాయలు, రెట్టింపు 106. కొన్నిచోట్ల 30 రోజులతో భాగించి, సింగిల్ రేటుకే 46 చేతిలో పెడతారు. 40 గంటల ఓటీకి 4,231 రావాల్సినచోట 1,833 వస్తుంది. పే స్లిప్‌లో ఓటీ గంటలు, రేటు విడివిడిగా లేకపోతే అనుమానించాల్సిందే.

మీరు చేసే లైన్‌లో ఏం తయారవుతుందో, అది ఏ దేశం పోతుందో కూడా కనుక్కోండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే రొయ్యలకు దెబ్బ తగిలింది, స్మార్ట్‌ఫోన్లకు మాత్రం మినహాయింపు దొరికింది. ఆర్డర్లు తగ్గితే సాధారణంగా ముందు ఓటీ ఆగుతుంది, తర్వాత కాంట్రాక్టు కార్మికులను ఆపేస్తారు, పర్మనెంటు వాళ్ల వంతు చివర్లో. కాబట్టి బండి ఈఎంఐ, చీటీ పాట ఓటీ లేని జీతానికే సరిపోయేలా పెట్టుకోండి. ఇది చాలామంది పట్టించుకోరు.

లెటర్ మీద కంపెనీ పేరుందా, లేబర్ కాంట్రాక్టరు పేరుందా? కాంట్రాక్టరైతే ఆ సంస్థ పేరు, లైసెన్సు నంబరు రాసి పెట్టుకోండి. అతను జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న కంపెనీయే చెల్లించాలి. అయితే మీరక్కడ పని చేశారనడానికి గేట్ పాసు, హాజరు, బ్యాంకు స్టేట్‌మెంటు లాంటివి ఉండాలి. చేతికి నగదు ఇస్తానంటే ఒప్పుకోవద్దు.

చేరిన రెండో నెల చివర్లో యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు)తో పీఎఫ్ పాస్‌బుక్ చూడండి. ఏ నెల డబ్బయినా మరుసటి నెల 15 లోపు కట్టాలి. పే స్లిప్‌లో కోత ఉండి పాస్‌బుక్‌లో జమ లేకపోతే హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, ఆ కాపీతో పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టండి.