కెనడాలో ఫాస్టర్ సంరక్షణలో ఉన్న ఆదివాసీ పిల్లలకు, వారి కుటుంబాలకు సాంస్కృతికంగా తోడుండడం ఎలా

కెనడాలో సోషల్ వర్కర్లుగానో, యువజన కేంద్రాల సిబ్బందిగానో, ప్రభుత్వం అప్పగించిన పిల్లలను ఇంట్లో ఉంచుకొని పెంచే ఫాస్టర్ తల్లిదండ్రులుగానో పనిచేసే తెలుగువారికి ఆదివాసీ పిల్లల బాధ్యత ఏదో ఒక రోజు ఎదురయ్యే అవకాశం ఎక్కువ. 2021 జనగణన ప్రకారం అక్కడ పద్నాలుగేళ్లు, అంతకు లోపు వయసున్న పిల్లల్లో ఆదివాసులు 7.7 శాతమే, ఫాస్టర్ సంరక్షణలో ఉన్న ఆ వయసు పిల్లల్లో మాత్రం వారు 53.8 శాతం. వీరి తాతముత్తాతలను, ఆదివాసీ పిల్లల భాషను, సంస్కృతిని మాన్పించడానికి ప్రభుత్వం, చర్చిలు నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్లు ఇళ్ల నుంచి వేరుచేస్తే, తర్వాతి తరంలో వేలమందిని శిశు సంక్షేమ శాఖలే తీసుకువెళ్లి ఆదివాసేతర కుటుంబాలకు దత్తతకిచ్చాయి. ఆ చరిత్ర తెలిసినవారు బిడ్డకు సంస్కృతిని తామే నేర్పాలని పూనుకోరు. నేర్పేది బిడ్డ తాలూకు మనుషులు. వాళ్ల దాకా వెళ్లే దారి మూసుకుపోకుండా చూడడం మన పని.

మొదట తెలుసుకోవలసింది ఆ బిడ్డ ఏ జనానికి చెందినదన్నది. ‘ఆదివాసి’ అన్న మాట ఫైల్లో రాసుకోవడానికి సరిపోతుందేమో గాని, పెంపకానికి సరిపోదు. కెనడాలో ఆరువందలకు పైగా ఫస్ట్ నేషన్స్ సముదాయాలున్నాయి, ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్, ఆదివాసీ, యూరోపియన్ మిశ్రమ వంశాల నుంచి ఏర్పడిన మెటీస్ ప్రజలు వేరు. వీరందరి భాషలు కలిపి డెబ్బైకి పైమాటే. ఎండిన సేజ్ అనే సువాసన మూలిక ఆకు పొగను ఒంటి మీదికి తీసుకొనే ఆచారం ఫస్ట్ నేషన్స్‌లోని క్రీ, అనిషినాబే ప్రజల ఇళ్లలో సహజంగా కనిపిస్తుంది. ఇన్యూట్ పెద్దలు వెలిగించేది సీల్ కొవ్వుతో మండే కుల్లిక్ దీపం. మెటీస్ వారికి ఫిడేలు, నడుముకు చుట్టుకొనే రంగుల నేత పట్టీ, మిషిఫ్ భాష ఉన్నాయి. భారతీయుడే కదా అని తెలుగు పిల్లవాడికి భాంగ్రా నేర్పి, ఇదే నీ సంస్కృతి అంటే మనకెలా ఉంటుందో ఊహించుకుంటే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. అందువల్ల తల్లి వైపు, తండ్రి వైపు సముదాయాల పేర్లు, అమ్మమ్మ తాతయ్యల పేర్లు, ఇంట్లో వినిపించిన భాష అడిగి రాసుకోవాలి. ‘ఎవరి తాలూకు?’ అని అడిగే ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఇది కొత్త కాదు.

కుటుంబ సంబంధాల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 2020 జనవరి 1న అమల్లోకి వచ్చి, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థన పొందిన సమాఖ్య చట్టం ప్రకారం, బిడ్డకు మేలు జరిగే మేరకు, మొదట తల్లిదండ్రుల్లో ఒకరి వద్ద, కాకపోతే కుటుంబంలోని మరో పెద్ద వద్ద, ఆపైన అదే సముదాయానికి చెందినవారి వద్ద, తర్వాత మరో ఆదివాసీ సముదాయం వారి వద్ద, చివరిగా ఇతరుల వద్ద ఉంచాలి. తెలుగు ఫాస్టర్ కుటుంబం ఆ చివరి మెట్టు మీద ఉంటుంది. దానికి నొచ్చుకోకుండా, బిడ్డ తిరిగి పై మెట్టుకు వెళ్లగలదా అన్నది ఎప్పటికప్పుడు పరిశీలించాలని అదే చట్టం చెబుతున్నదని గుర్తుంచుకోవాలి. పేదరికం, సరైన ఇల్లు లేకపోవడం వంటివి మాత్రమే చూపి బిడ్డను తీసుకువెళ్లకూడదని కూడా అది చెబుతుంది. కనుక తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు ఇంటి స్థితిని విచారించే అధికారి ధోరణి మానుకొని, బిడ్డకు ఏ పాట ఇష్టం, ఏ పేరుతో పిలుస్తారు, ఏ వంట వండిపెట్టమంటారు అన్న ప్రశ్నలతో మొదలుపెట్టడం మంచిది. మొదట్లో వారు ముభావంగా ఉంటే అది సహజం. తరతరాలుగా వారి గుమ్మంలోకి వచ్చిన అధికారులు పిల్లలతోనే వెనుదిరిగారు.

ఎల్డర్లను, అంటే సంప్రదాయ జ్ఞానాన్ని అందించే పెద్దలను, సంప్రదించడానికి ఒక మర్యాద ఉంది. వయసు పైబడిన ప్రతివారూ ఎల్డర్ కారు. సముదాయం గుర్తించినవారే అవుతారు. క్రీ, అనిషినాబే వంటి ప్రజల్లో సాయం కోరేటప్పుడు పొగాకు చేతికి అందించి అడుగుతారు, ఎల్డర్ దాన్ని తీసుకుంటే సమ్మతించినట్టు. అన్నిచోట్లా ఈ పద్ధతి లేదు కాబట్టి ముందుగా వారి సహాయకులనో, దగ్గరలోని ఫ్రెండ్‌షిప్ సెంటర్‌నో (పట్టణాల్లోని ఆదివాసీలకు సేవలందించే కేంద్రం) అడగాలి. పొగాకు కూలి కాదు. ఎల్డర్ సమయానికి గౌరవ పారితోషికం, ప్రయాణ ఖర్చులు వేరుగా ఇవ్వాలి. సేజ్ పొగ చూడగానే మనకు సాంబ్రాణి గుర్తొస్తుంది, ఆ చనువుతోనే పొరపాటు జరుగుతుంది: ఆ కర్మను మనం నడిపించకూడదు, బిడ్డ కోరితే చోటు, సమయం కల్పించి, పొగ అలారం సంగతి ముందే చూసుకుంటే చాలు.

ఇంట్లో ముఖ్యంగా జుట్టు విషయంలో జాగ్రత్త కావాలి. వేసవి రాగానే పిల్లల జుట్టు పొట్టిగా కత్తిరించే అలవాటు మనది. అనేక ఫస్ట్ నేషన్స్ కుటుంబాల్లో పొడవాటి జడ పవిత్రం, రెసిడెన్షియల్ స్కూళ్లలో పిల్లలు అడుగుపెట్టగానే చేసిన పని ఆ జడలు కత్తిరించడం. కన్నవారిని, ఊహ తెలిసిన బిడ్డనూ అడగకుండా కత్తెర పట్టకూడదు. బిడ్డ వెంట తెచ్చుకున్న చిన్న సంచిలో మూలికలో, ఈకో ఉంటే విప్పి చూడడం, ఉతకడం తగదు.

పదిహేనేళ్లవారు పావ్‌వావ్‌కు (ఆదివాసీల ఆటపాటల వేడుక) రానంటే బలవంతం చేయవద్దు, వచ్చే ఏడాదీ అడగండి. రెసిడెన్షియల్ స్కూళ్ల పిల్లలను తలచుకుంటూ సెప్టెంబరు 30న బడిలో అందరూ నారింజ చొక్కాలు వేసుకొనే రోజు, తమ జాతి తరఫున మాట్లాడమని టీచరు బిడ్డను నిలబెట్టకుండా ముందే మాట్లాడి ఉంచండి.

బంధువుల పేర్లు, ఫొటోలు, నృత్య దుస్తులు, ఎల్డర్ ఇచ్చిన వస్తువులు ఒక పెట్టెలో భద్రపరచి, మీరు రాసుకున్న వివరాల ప్రతిని కూడా అందులోనే ఉంచండి. బిడ్డ ఇల్లు మారిన రోజున ఆ పెట్టె ఆఫీసుకు పోకుండా బిడ్డ చేతికే అందాలి.