గేర్ రాడ్ పొడవైందా, వదులైందా? షార్ట్ షిఫ్టర్ కొనే ముందు బుష్ చూడండి

"గేరు చాలా దూరంలో పడుతోంది, షార్ట్ షిఫ్టర్ వేసేయండి" అంటూ విజయవాడ ఆటోనగర్‌కు కారు తెచ్చేవారిని నేను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. షార్ట్ షిఫ్టర్ అంటే గేర్ రాడ్ కదలవలసిన దూరాన్ని తగ్గించే కిట్. వారి ఫిర్యాదు నిజమే అయినా, దానికి కావలసిన మందు చాలాసార్లు వారు కోరుతున్నది కాదు. రాడ్ ప్రయాణం పొడవుగా ఉండడం ఒక సమస్య, రాడ్ వదులుగా ఉండడం మరొక సమస్య. చేతికి రెండూ ఒకేలా తోస్తాయి కాబట్టి, వందల రూపాయల బుష్‌తో (కీళ్ల దగ్గర ఉండే చిన్న రబ్బరు లేదా ప్లాస్టిక్ తొడుగుతో) పోయే చోట వేల రూపాయల కిట్ కొని, చివరికి పాత వదులును కొత్త రాడ్‌లోనూ అనుభవిస్తున్నారు. అందుకే బుష్‌ల సంగతి తేల్చుకున్నాకే షార్ట్ షిఫ్టర్ గురించి ఆలోచించాలన్నది నా గట్టి అభిప్రాయం.

అసలు రాడ్ చేసే పని ఏమిటి?

గునపంతో బండరాయిని లేపే సూత్రమే గేర్ రాడ్‌ది కూడా. మధ్యలో ఉన్న బాల్ జాయింటు ఆధారంగా పైభాగాన్ని మనం కదుపుతాం, కింది కొస కేబుల్‌నో రాడ్‌నో లాగుతుంది. ఆధారానికి పైన 200 మిల్లీమీటర్లు, కింద 50 మిల్లీమీటర్లు ఉన్న రాడ్‌ను తీసుకుంటే, కింది కొస 30 మిల్లీమీటర్లు కదలడానికి నాబ్ 120 మిల్లీమీటర్లు కదలాలి. కింది భాగాన్ని 62.5 మిల్లీమీటర్లకు పెంచితే అదే పని 96 మిల్లీమీటర్లలో అయిపోతుంది. ప్రయాణం 20 శాతం తగ్గింది, కానీ చెయ్యి పెట్టవలసిన బలం 25 శాతం పెరిగింది. షార్ట్ షిఫ్టర్ అంటే ఇంతే: దూరం తగ్గించుకుని దాని బదులు బలం పెట్టడం. బుష్‌లో ఉన్న వదులు దీనివల్ల ఏమాత్రం పోదు. నాబ్ దగ్గర అది ప్రయాణంతోపాటే కాస్త తగ్గినట్టున్నా, మొత్తం ప్రయాణంలో ఆ వదులు వాటా మాత్రం అలాగే ఉంటుంది.

సమస్య: న్యూట్రల్‌లో రాడ్ అటూ ఇటూ ఊగుతోంది, గేర్లు మాత్రం పడుతున్నాయి

దీనికి కారణం దాదాపు ఎప్పుడూ అరిగిన బుష్షే. ముందు చక్రాలతో నడిచే నేటి చిన్న కార్లలో చాలావాటికి రెండు కేబుళ్లు ఉంటాయి. ఒకటి రాడ్‌ను ముందుకు, వెనక్కు కదిపినప్పుడు గేరు వేస్తుంది, రెండవది పక్కలకు కదిపినప్పుడు వరుసను ఎంచుకుంటుంది. ఒక్కో కేబుల్‌కు రాడ్ వైపు ఒక కొస, గేర్‌బాక్స్ వైపు ఒక కొస ఉంటాయి కాబట్టి, రాడ్ అడుగున ఉండే బాల్ కప్పును కూడా కలుపుకుంటే, అరగగల చోట్లు కనీసం అయిదు అవుతాయి. మారుతి 800 వంటి పాత కార్లలో కేబుళ్లకు బదులు కారు కింద రాడ్లే ఉంటాయి. వాటి బుష్‌లు రోడ్డు దుమ్ముకు, బురదకు నేరుగా గురవుతాయి. ఇంజను వేడి పక్కనే ఉండే రబ్బరు మన రోహిణి కార్తె ఎండలకు మరీ త్వరగా గట్టిపడి చిట్లుతుంది.

ఏ బుష్ పోయిందో ఊహించవద్దు, కనిపెట్టండి. చదునైన చోట కారు నిలిపి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, మూడో గేరులో ఉంచండి. లోపల ఒకరు కూర్చుని నాబ్‌ను రెండు వేళ్లతో మెల్లగా ముందుకు, వెనక్కు కదుపుతుండగా, మీరు బానెట్ ఎత్తి గేర్‌బాక్స్ మీది చేతిని, అంటే కేబుల్ తగిలించి ఉండే లివరును చూడండి. కేబుల్ కొస కదులుతూ ఆ చెయ్యి కదలకపోతే, తప్పు గేర్‌బాక్స్ వైపు బుష్‌దే. కేబుల్ కొస కూడా కదలకపోతే, కన్సోల్ (రాడ్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ పెట్టె) తీసి రాడ్ అడుగున వెతకాలి. ఎంత వదులు సహజమో తెలియకపోతే, అదే మోడల్ కొత్త కారు నడిపే మిత్రుడి రాడ్‌ను ఒకసారి కదిపి చూడండి. ఏ పుస్తకం కంటే మీ చెయ్యే త్వరగా తేడా చెబుతుంది.

ఇక ఏ బుష్ వేయాలి? రోజూ ఆఫీసుకు, గుంటూరుకు తిరిగే కారుకు కంపెనీ రబ్బరు బుష్ గానీ, మధ్యస్థమైన గట్టిదనం గల పాలీయూరిథేన్ (రబ్బరు వంటి ప్లాస్టిక్) గానీ చాలు. డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ ఖచ్చితత్వాన్ని పెంచుతుంది, దానితోపాటే ఇంజను ప్రకంపనను కూడా చేతికి తెస్తుంది. లేత్ మీద ఇత్తడి బుష్ చేయించుకోవడం ఆటోనగర్‌లో సులభమే కానీ, నేను దాన్ని వద్దంటాను. ఎందుకంటే ఇత్తడిలో దుమ్ము ఇరుక్కుని ఆకురాయిలా పనిచేసి, లోపలి ఉక్కు పిన్నునే అరగదీస్తుంది. అరిగిపోవలసింది చవకైన బుష్, ఖరీదైన పిన్ను కాదు.

సమస్య: రాడ్ స్వేచ్ఛగా కదులుతోంది, గేరు మాత్రం పడటం లేదు

చాలావరకు ఇది గేర్‌బాక్స్ మీది చేతికున్న బాల్ మీద నుంచి కేబుల్ కొస ఊడిపోవడమే. వారధి మీద ఇలా జరిగితే, హజార్డ్ లైట్లు వేసి బండిని పక్కకు తోయించి, బానెట్ ఎత్తి కొసను తిరిగి బాల్ మీద నొక్కి, బలమైన కేబుల్ టైతో బిగించుకుని ఇంటికి చేరుకోవచ్చు. ఆ కట్టును మర్నాటికి మించి నమ్మకండి.

సమస్య: ఇంజను నడుస్తుండగా గేరు గట్టిగా పడుతోంది, ఆపితే సాఫీగా పడుతోంది

ఇక్కడ బుష్‌కు, షిఫ్టర్‌కు సంబంధం లేదు. క్లచ్ పూర్తిగా విడవటం లేదు. క్లచ్ కేబుల్ సర్దుబాటు, హైడ్రాలిక్ అయితే ద్రవం మట్టం, లైనులో గాలి చూడాలి. షార్ట్ షిఫ్టర్ వేస్తే ఈ సమస్య ఇంకా ముదురుతుంది, ఎందుకంటే గేర్‌బాక్స్ లోపలి సింక్రో రింగులకు గేర్ల వేగాలను సమం చేసే సమయం తగ్గిపోతుంది. ఇంజను ఆపినా గట్టిగానే ఉంటే మాత్రం తప్పు కేబుల్, లింకేజీలలో ఉంది. ఆపిన ఇంజనులో అప్పుడప్పుడు ఒక గేరు పళ్లు ఎదురెదురు నిలిచి అడ్డుపడడం సహజమే కాబట్టి, న్యూట్రల్‌లో కారును కొద్దిగా ముందుకు తోసి మళ్లీ ప్రయత్నించాకే ఒక నిర్ణయానికి రండి.

సమస్య: వానాకాలం తరువాత రాడ్ అంతా బిగుసుకుపోయింది

2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు నీట మునిగిన కార్ల విషయంలో ఇది ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. నీరు కేబుల్ తొడుగులోకి దిగి లోపలి తీగను తుప్పు పట్టిస్తుంది. పైనుంచి నూనె పోస్తే కొన్నాళ్లు తేలికపడినట్టుంటుంది కానీ, రెండు కొసలు విప్పి చేతితో లాగినప్పుడు తీగ గరుకుగా కదులుతుంటే కేబుల్ మార్చవలసిందే. అలా మునిగిన బండిలో గేర్ ఆయిల్ కూడా పాల రంగుకు తిరిగిందేమో చూసి మార్పించండి.

బుష్‌లు మార్చాక కూడా ప్రయాణం పొడవుగానే అనిపిస్తే

అప్పుడే షార్ట్ షిఫ్టర్. బెంజి సర్కిల్ నుంచి రామవరప్పాడు రింగు దాకా మొదటి, రెండవ గేర్ల మధ్యే బతికే కారుకు 15 నుంచి 20 శాతం తగ్గింపు సుఖంగా ఉంటుంది. 40 శాతం దాకా తగ్గించే కిట్లు ట్రాక్ మీద నడిపేవారికే తగినవి. బ్రాడీపేట వంటి ఇరుకు వీధుల్లో రోజుకు వందసార్లు గేరు మార్చే చేతికి ఆ అదనపు బలం సాయంత్రానికి తెలిసివస్తుంది. పాత రాడ్‌నే కోసి, పొట్టిగా వెల్డింగ్ చేయించుకోవడాన్ని మాత్రం ఎవరు చవకగా చేస్తామన్నా ఒప్పుకోకండి. పగులు వెల్డింగ్ పక్కనే మొదలవుతుంది, అది విరిగేది గేరు మార్చవలసిన క్షణంలోనే. వారంటీలో ఉన్న కారైతే ముందు సర్వీస్ సెంటరు వారితో మాట్లాడండి.

కేబుల్ కార్లకు గేర్‌బాక్స్ మీది చేతిని మార్చే కిట్లు కూడా ఉంటాయి. కొన్ని కార్లలో ఆ చేతికి ఒక ఇనుప బరువు తగిలించి ఉంటుంది. అది అనవసరపు బరువని తీసేస్తుంటారు కానీ, గేరు ఒక్క ఊపులో మెత్తగా జారిపడేలా చేసేది ఆ బరువే. దాన్ని ఉంచండి.

బిగించేటప్పుడు

ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో కన్సోల్ కిందే ఉంటుంది. అందుకని ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, కొద్ది నిమిషాలు ఆగాకే పని మొదలుపెట్టాలి. ప్రతి క్లిప్పు, ప్రతి వాషరు ఏ వైపు ఉందో విప్పకముందే ఫోటో తీసుకోండి. కొత్త రబ్బరు బుష్ దూరకపోతే సుత్తితో కొట్టవద్దు. వేడినీళ్లలో కాసేపు ఉంచి, వైసు దవడల మధ్య నిదానంగా నొక్కితే లోపలికి వెళ్తుంది. రబ్బరుకు, పాలీయూరిథేన్‌కు సిలికాన్ గ్రీజే రాయాలి. షాపులో చేతికందే బేరింగ్ గ్రీజు సహజ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. తీసిన సర్‌క్లిప్పులు (పిన్ను జారకుండా పట్టి ఉంచే ఉక్కు రింగులు) సాగి ఉంటే కొత్తవే వేయండి.

కేబుల్ సర్దుబాటు ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం. గేర్‌బాక్స్ న్యూట్రల్‌లో ఉండాలి, రాడ్ కూడా సరిగ్గా న్యూట్రల్ మధ్యలో ఉండాలి. చాలా షిఫ్టర్లలో రాడ్‌ను అక్కడ నిలిపి ఉంచే పిన్ను రంధ్రం ఉంటుంది. ఆ స్థితిలోనే కేబుల్ కొసల లాకులు బిగించాలి. ఈ ఒక్క పనిని కంటి అంచనాతో చేసినందువల్లే నా పాత కారులో మూడు వారాలపాటు రివర్సు కోసం పార్కింగ్‌లో కుస్తీ పట్టవలసి వచ్చింది. బిగించిన షాపులో "కొత్తది కదా, అలవాటవుతుంది" అన్నారు. నిజానికి వరుస ఎంచుకునే కేబుల్ కొద్దిగా పొట్టిగా లాక్ అయింది. దాన్ని విప్పి పిన్ను పెట్టి బిగించేసరికి పది నిమిషాల్లో తీరిపోయింది.

బిగించాక వచ్చేవి

ఒక చివరి వరుస గేర్లు, అంటే రివర్సు గానీ అయిదో గేరు గానీ పడకపోతే, పైన చెప్పిన సర్దుబాటే కారణం. యాక్సిలరేటర్ వదిలినప్పుడు గేరు తన్నుకుని బయటికి వస్తుంటే, ముందు గేర్ కవరు తోలు తీసేసి నడిపి చూడండి. పొట్టి రాడ్‌ను బిగుతైన తోలు వెనక్కు లాగి, గేరు పూర్తిగా పడకుండా ఆపడం తరచూ జరుగుతుంది. రాడ్ కన్సోల్ అంచుకు తగులుతోందేమో కూడా చూడాలి. ఈ రెండూ కాకపోతే, యాక్సిలరేటర్ తొక్కి వదిలేటప్పుడు రాడ్ ముందుకు వెనక్కు ఊగుతోందేమో గమనించండి. రాడ్ లింకేజీ కార్లలో అలా ఊగితే ఇంజను మౌంట్లు (ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) కుంగినట్లే. మౌంట్లు కూడా బాగుండి గేరు జారుతుంటే, అది గేర్‌బాక్స్ లోపలి ఫోర్కు లేదా స్ప్రింగు అరుగుదల. అటువంటి కారును పాత రాడ్‌కు మార్చి గేర్‌బాక్స్ విప్పించాలే తప్ప, షిఫ్టర్‌ను ఇంకా సర్దుతూ కూర్చోకూడదు.