అమ్మ ఫొటోకి వేసిన బంతిపూలతో ఆవిడ చీరకే రంగు వెయ్యడం ఎలా?

పెద్దకర్మ అయ్యాక ఫొటోకి వేసిన దండలు ఏం చెయ్యాలో తెలీలేదు, పిన్నేమో నీళ్లల్లోనే కలపాలి అంది, సరే అని సగం ఆర్కే బీచ్‌లో వదిలేసి సగం కవర్లో పెట్టి ఇంటికి తెచ్చేసుకున్నా. ఆ సగంతో ఏం చేశానో చెప్తా.

ముందు రేకలు తుంచి నీడలో ఆరబెట్టండి. మన వైజాగ్ ఉక్కకి అంత తొందరగా ఆరవు, ఫ్యాన్ కింద పెట్టకపోతే బూజు పట్టేస్తాయి. చాలకపోతే పూర్ణా మార్కెట్లో బంతిపూలు కొని కలపండి, తప్పేం లేదు. మల్లెలుంటే మాత్రం ఏరేయండి, వాటికి రంగు రాదు.

చీర కాటన్‌ది అవ్వాలి, పాలిస్టర్‌కి పట్టదు. మొత్తం చీర కొయ్యడానికి నాకు చేతులు రాలేదు, చిరిగిన కొంగు ముక్క ఒకటి తీసుకున్నా. 100 గ్రాముల గుడ్డకి 100 గ్రాముల ఎండు రేకలు. గంజి పోయేలా ఉతికి, 20 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన నీళ్లల్లో రాత్రంతా నానబెట్టి ఆరేశాక, వేడినీళ్లల్లో 15 గ్రాముల పటిక కరిగించి అందులో ఓ గంట ఉంచి పిండెయ్యండి. ఇవి మానేస్తే ఉతికిన ప్రతిసారీ రంగు పోతానే ఉంటుంది. రేకల్ని స్టీలు గిన్నెలో ముప్పావు గంట ఉడికించి వడకట్టి, ఆ నీళ్లల్లో గుడ్డ వేసి సన్నసెగ మీద ఇంకో ముప్పావు గంట, తర్వాత స్టవ్ కట్టేసి తెల్లారేదాకా అలా వదిలెయ్యడమే.

ఇనప మూకుడు వద్దు. కరక్కాయకి ఇనుము తగిలితే నల్లబడుతుంది, కలంకారీ వాళ్లు నల్ల గీతలు గీసేది ఆ కిటుకుతోనే. నేను తెలీక ఒక ముక్క అలా చేశా, మబ్బు పట్టినట్టు తేలింది, నిజం చెప్పాలంటే అప్పుడు పసుపు కన్నా అదే నచ్చింది.

ఇంక కుట్టు. అమ్మ చేత్తో రాసిన కాయితం ఏదో ఒకటి ఇంట్లో ఉంటుంది కదా, నాకు దొరికింది కిరాణా చీటీ. జెరాక్స్ షాపులో అక్షరాలు పెద్దవి చేయించి, కార్బన్ పేపర్ పెట్టి గుడ్డ మీదకి దించి, దాని మీద గొలుసుకుట్టు వేసుకుంటూ పోవాలి, ఒత్తుల దగ్గర ఒక్క పోగు దారం చాలు. అడుగున ఇంకో పాతచీర ముక్క వేసి బొంత కుట్టినట్టు చుట్టూ కుడితే గట్టిగా ఉంటుంది. ఉతికితే చన్నీళ్లే, ఎండలో ఆరెయ్యొద్దు.

రోజుకో లైను కన్నా ఎక్కువ నావల్ల కాలేదు. కందిపప్పు అయింది, చింతపండు అరకేజీ దగ్గర ఆగా, సూది ఇంకా గుడ్డకే ఉంది.