నక్షత్ర మండలాల పెయింటింగ్ చెడితే: లక్షణం, కారణం, మరమ్మతు

ముదురు నీలం పూసి తెల్ల చుక్కలు పెట్టి గీతలు కలపడమే కదా, ఇంతకన్నా తేలికైన పెయింటింగ్ ఏముంటుంది అనుకుని మొదలుపెట్టినవాళ్లే సగంలో బ్రష్ పక్కన పడేస్తారు. మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు డ్రాయింగ్ నేర్పేవాళ్లకు పిల్లల నుంచీ, వాళ్ల అమ్మానాన్నల నుంచీ వచ్చే ఫిర్యాదులు దాదాపు ఒకటే రకం. వాటిలో చెయ్యి తిరగక చెడినవి తక్కువే. తొందర వల్ల, రంగు గుణం తెలియక, మన ఎండల వల్ల చెడినవే ఎక్కువ. ఇంకో మాట. వెనకాల గులాబీ, ఊదా మబ్బులు ఎలా వేసినా ఎవరూ తప్పు పట్టరు. చుక్కల మధ్య దూరం తప్పితే మాత్రం బొమ్మ మొత్తం పోతుంది. అందుకే కింద ఆ భాగానికే ఎక్కువ చోటిచ్చాను.

ఆకాశం బురద రంగుకు తిరిగింది

నీలం, ఊదా తడిగా ఉండగానే వాటి పక్కన పసుపో నారింజో పెట్టి బ్రష్‌తో రుద్దితే ఇలాగే అవుతుంది. ఎదురెదురు రంగులు కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుని మట్టి రంగు మిగులుతుంది. మొదటి బొమ్మకు నీలం, ఊదా, గులాబీ, తెలుపు చాలు. ఈ నాలుగూ ఎలా కలిసినా పాడవవు. పసుపు పెట్టాలనే ఉంటే నీలం పూర్తిగా ఆరాక, పొడి స్పాంజితో తట్టండి.

ఇప్పటికే బురదైపోయిందా? దాన్ని ఇంకా రుద్దకండి. ఆరనిచ్చి పైన ముదురు నీలం పూయండి. నలుపు ట్యూబ్ నేరుగా వాడితే ఆకాశం బ్లాక్‌బోర్డులా చచ్చుగా కనిపిస్తుంది. అల్ట్రామెరీన్ బ్లూలో కొంచెం బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) కలిపితే వచ్చే చీకటి వేరు.

ఆరాక మచ్చలు, బ్రష్ గీతలు తేలాయి

ఎండాకాలం సెలవుల్లో ఎక్కువగా వచ్చే సమస్య ఇదే. బయట 40 డిగ్రీలు దాటి, గదిలో ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతుంటే యాక్రిలిక్ రంగు కాగితం మీదే కాదు, బ్రష్ మీద కూడా ఆరిపోతుంది. సగం ఆరిన చోట మళ్లీ బ్రష్ ఆడిస్తే పొర లేచి గీతలు పడతాయి. పొద్దున్నే కూర్చోండి. రంగు పూసే పది నిమిషాలు ఫ్యాన్ ఆపండి. కాగితం మీద ముందుగా స్ప్రే బాటిల్‌తో సన్నగా నీళ్లు చల్లండి. ఒకే మందపు పూత వద్దు, రెండు పలచటి పూతలు వేయండి. మొదటిది అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా.

కొందరికి ఇవన్నీ పాటించినా ముదురు రంగు మీద తెల్లటి పొడిలాంటి పొర మిగులుతుంది. అప్పుడు నీళ్లను అనుమానించాలి. నల్లగొండ బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది కానీ ఈ పొరకు కారణం అది కాదు, నీళ్లలోని సున్నపు లవణాలు. పరీక్ష సులువు. నల్లటి పెనం మీదో, గాజు పలక మీదో ఒక చుక్క బోరు నీళ్లు, పక్కనే ఒక చుక్క ఫిల్టర్ నీళ్లు వేసి ఆరనివ్వండి. బోరు చుక్క అంచున తెల్లటి వలయం మిగిలితే, రంగు కలపడానికి ఫిల్టర్ నీళ్లే వాడండి. బ్రష్‌లు కడగడానికి బోరు నీళ్లు చాలు.

కాగితం అప్పడంలా లేచింది

చార్ట్ పేపర్ ఇంత తడిని తట్టుకోదు. 300 జీఎస్ఎం అని రాసి ఉండే మందపాటి కాగితమో, చిన్న కాన్వాస్ బోర్డో కొనండి. నాలుగు అంచులకూ మాస్కింగ్ టేప్ వేసి అట్టకు బిగించండి. లేచిపోయిన కాగితాన్ని వెనకవైపు కొద్దిగా తడిపి, పైనా కిందా తెల్ల కాగితాలు పెట్టి, రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచితే చాలావరకు దారికొస్తుంది.

తెల్ల చుక్క పెడితే నీలమైంది

రెండు కారణాల్లో ఒకటి. కింది రంగు ఇంకా తడిగా ఉండొచ్చు. లేదా అది పోస్టర్ కలర్ అయ్యుండొచ్చు. పోస్టర్ కలర్ ఆరినా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. యాక్రిలిక్ ఒకసారి ఆరితే కరగదు. మూలన తడి వేలితో తాకి చూడండి, వేలికి నీలం అంటితే పోస్టరే. దుకాణంలో రెండు సీసాలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి లేబుల్ చూసి తెచ్చుకోవాలి.

పోస్టర్ మీదే పని పూర్తి చేయాలంటే చుక్కలకు తెల్ల యాక్రిలిక్ తీసుకుని, నీళ్లు కలపకుండా, చిక్కగా, ఒక్క తాకుడుతో పెట్టి వదిలేయండి. తెల్ల జెల్ పెన్ కూడా పనికొస్తుంది, కానీ పొడి పొడిగా లేచే పోస్టర్ కలర్ మీద దాని మొన త్వరగా మూసుకుపోతుంది.

చిందులు వేస్తే బొట్లు పడ్డాయి

పాత టూత్‌బ్రష్‌తో చిన్న నక్షత్రాలు చల్లే పద్ధతిలో అసలు కిటుకు నీళ్ల కొలతలో ఉంది. తెలుపు పెరుగంత చిక్కగా ఉండాలి. బ్రష్‌ను రంగులో ముంచాక పాత గుడ్డ మీద ఒకసారి అద్దండి. కాగితానికి జానెడు ఎత్తులో, పళ్లు కిందికి ఉండేలా పట్టుకుని బొటనవేలితో మీ వైపు మెల్లగా లాగండి. మొదటి రెండు లాగుళ్లూ పాత న్యూస్‌పేపర్ మీదే. పెద్ద బొట్లన్నీ అక్కడే రాలిపోతాయి. తర్వాత బొమ్మ మీదికి రండి. పెద్ద బొట్టు పడిందా, వెంటనే తడి దూదితో ఎత్తేయాలి. ఆరాక గోకితే కింది నీలం కూడా ఊడుతుంది. పోస్టర్ కలర్ మీదైతే దూది వద్దు, ఆరనిచ్చి పైన నీలం చుక్క పెట్టి కప్పేయండి.

నెలవంక వేసేవాళ్లు ఒకటి గమనించాలి. నెలవంక లోపలి చీకటి భాగం కూడా చంద్రుడే. అక్కడ చుక్కలు పడకుండా గుండ్రటి కాగితం ముక్క కప్పి చల్లండి.

ఎవరికి చూపించినా "ఇదేంటి?" అంటున్నారు

ఇదే అసలు జబ్బు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్కోదానికీ మందు వేరు.

చల్లిన చుక్కలూ, మండలం చుక్కలూ ఒకే సైజులో ఉంటే కన్నుకు ఏవి కలపాలో తెలియదు. మూడు సైజులు పెట్టుకోండి. టూత్‌బ్రష్ చిందులు అన్నిటికన్నా చిన్నవి. టూత్‌పిక్ మొనతో పెట్టేవి మధ్యరకం. అగ్గిపుల్ల వెనక కొసతోనో, బ్రష్ కాడ కొసతోనో పెట్టేవి పెద్దవి. మండలానికి పెద్దవీ మధ్యరకమే వాడాలి, వాటికి ఆనుకుని చిందులు ఉండకూడదు.

వరస కూడా ముఖ్యం. నేపథ్యం ఆరాక ముందు పెన్సిల్‌తో మండలం గుర్తులు పెట్టుకోండి, తర్వాత చిందులు చల్లండి, ఆఖరున పెద్ద చుక్కలు. చిందులు చల్లాక వాటిలోనే మండలాన్ని వెతుక్కోవడం మొదలుపెడితే ఎవరికీ కుదరదు.

ఇక దూరాలు. చుక్కల ముగ్గులో వరస తప్పితే ముగ్గు కలవనట్టే, ఇక్కడ ఒక్క చుక్క వేలెడు జరిగినా సప్తర్షులు గరిటెలా కాక గాలిపటంలా అవుతారు. పైగా నెట్‌లో దొరికే బొమ్మల్లో గరిటె మూతి పైకి ఉంటుంది. మన దగ్గర ఎండాకాలం రాత్రి ఉత్తరం వైపు చూస్తే అది బోర్లించి ఉంటుంది. పిల్లవాడు డాబా మీదికి వెళ్లి తన బొమ్మతో పోల్చుకుంటే తికమకపడేది ఇక్కడే.

అందుకని ఏప్రిల్ చివర్లో, రాత్రి 9 గంటల ప్రాంతంలో పాలమూరు నుంచి కనిపించే తీరులో కొలతలు ఇస్తున్నాను. ఏ3 కాగితాన్ని అడ్డంగా పెట్టండి. కింది అంచుకు 2 సెంటీమీటర్ల పైన నేల గీత. దానికి 8.5 సెంటీమీటర్ల పైన, ఎడమ అంచు నుంచి 14 సెంటీమీటర్ల దగ్గర ధ్రువ నక్షత్రం. అరసెంటీమీటరుకు ఒక డిగ్రీ లెక్క. మన ప్రాంతం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ధ్రువుడు నేలకు అంతే ఎత్తులో ఉంటాడు. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే అది దాదాపు 10 డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్లకు కొంచెం తక్కువ.

ఇప్పుడు ధ్రువుడి నుంచి కొలవండి:

క్రతువు: నేరుగా పైకి 14
పులహుడు: నేరుగా పైకి 17
పులస్త్యుడు: కుడికి 4, పైకి 17.5
అత్రి: కుడికి 5, పైకి 15.5
అంగిరసుడు: కుడికి 8, పైకి 15
వసిష్ఠుడు: కుడికి 10, పైకి 14.5
మరీచి: కుడికి 13.5, పైకి 15.5

అన్నీ సెంటీమీటర్లే. మొదటి నాలుగూ బోర్లించిన గిన్నె, మిగతా మూడూ కాడ. పులహుడి నుంచి క్రతువుకు గీసిన గీతను దాదాపు అయిదింతలు పొడిగిస్తే ధ్రువుడు తగులుతాడు, మీ కొలత సరిచూసుకోవడానికి ఇదే దారి. అత్రిని మాత్రం మధ్యరకం చుక్కగా పెట్టండి. ఏడింటిలో మసకది అదే. వసిష్ఠుడి పక్కన టూత్‌పిక్ మొనతో ఇంకో చిన్న చుక్క పెడితే అరుంధతి. పెళ్లిళ్లలో చూపించేది ఆ చుక్కనే కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు బొమ్మలో మొదట వెతికేదీ దాన్నే.

ఈ బొమ్మకు కింద ఏం వేయాలంటే నా ఓటు ముడుమాల్‌కే. నారాయణపేట జిల్లాలో, కృష్ణ ఒడ్డున ఉన్న ఆ నిలువురాళ్ల దగ్గర ఒక బండ మీద సప్తర్షి మండలం ఆకారంలో తొలిచిన గుంటలు ఉన్నాయి. ఆ చోటు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. పొడవాటి రాళ్ల ఆకారాలు నల్లరంగుతో నాలుగైదు వేస్తే చాలు. చెట్టూ కొండా వేయడంకన్నా తేలిక, పైగా ఇంకెక్కడి బొమ్మో అనిపించదు.

నేల, రాళ్లు ఆకాశంలో కలిసిపోయి కనిపించకపోతే నల్లరంగు తప్పేమీ లేదు, వెనక వెలుగు లేదు. నేల గీతకు పైన నాలుగు వేళ్ల మేర నీలాన్ని తెలుపుతో పలచన చేయండి. ఊరి దీపాల వల్ల నిజం ఆకాశం కూడా కింద అలాగే పాలిపోయి ఉంటుంది.

ట్రేసింగ్ పేపర్ తిరగేసి దించినవాళ్ల బొమ్మ అద్దంలో చూసినట్టు వస్తుంది. పై కొలతల్లో కాడ ఎడమవైపుకు వచ్చిందంటే జరిగింది అదే. పెన్సిల్ గుర్తులైతే చెరిపేయండి. రంగు పడిపోతే ఆ భాగం మీద నీలం పూసి మళ్లీ పెట్టడం తప్ప దారి లేదు.

సప్తర్షులు కష్టమనిపిస్తే శర్మిష్ఠ (ఇంగ్లిష్‌లో కాసియోపియా) మండలం పట్టుకోండి. అయిదే చుక్కలు. ఇంగ్లిష్ డబ్ల్యూ అక్షరంలా ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు కానీ, చలికాలం మన ఆకాశంలో బాగా పైకొచ్చినప్పుడు అది ఎమ్ అక్షరంలా కనిపిస్తుంది. అలాగే వేయండి.

ఓరియన్ (వేటగాడి మండలం) వేస్తే ప్రాణం లేదు

అన్ని చుక్కలూ ఒకే తెలుపులో ఉంటాయి, అందుకే. భుజం దగ్గరి ఆర్ద్రకు తెలుపులో నారింజ కలపండి, కింద ఎదురు మూలనున్న రైజెల్‌కు చిటికెడు నీలం. నడుము దగ్గరి మూడు చుక్కలూ ఒకే సైజులో, దాదాపు సమాన దూరంలో, ఒకే వరసలో ఉండాలి. ఆ వరసను ఒకవైపు పొడిగిస్తే సిరియస్, రెండో వైపు రోహిణి. వృశ్చికంలో జ్యేష్ఠకూ ఇదే వైద్యం, అక్కడ ఎరుపు ఇంకొంచెం పెంచవచ్చు. అసలు తేలు ఆకారంలా కనిపించే మండలం అదొక్కటే అని నా అభిప్రాయం. తోక కొక్కెం ఒక్కటి సరిగ్గా వంచితే చాలు, ఎవరైనా గుర్తుపడతారు.

కలిపే గీతలు లావయ్యాయి

బ్రష్‌తో గీతలు గీయకండి. తెల్ల కలర్ పెన్సిల్, స్కేలు చాలు. గీతను చుక్క దాకా లాక్కుండా బియ్యపు గింజంత ముందే ఆపండి. చుక్క విడిగా మెరుస్తుంది. జెల్ పెన్ వాడితే స్కేలు కింద రెండు నాణేలు టేపుతో అంటించండి. అంచు కాగితానికి తగలదు కాబట్టి ఇంకు పాకదు.

చీకట్లో మెరిసే రంగు మెరవడం లేదు

ముదురు నీలం మీద నేరుగా పెడితే మెరుపు సగానికి సగం తగ్గుతుంది. కింద తెల్ల చుక్క పెట్టి, ఆరాక దాని మీద ఈ రంగు రెండు మూడు పూతలు వేయండి. పడుకునేముందు కాసేపు లైటు వెలుగు తగలాలి.

వార్నిష్ కొట్టాక పొగమంచు కమ్మినట్టుంది

వానాకాలం గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు స్ప్రే వార్నిష్ కొడితే ఇలా తెల్లబారుతుంది. ఎండ కాసిన రోజు ఇంకో పలచటి పూత కొడితే కొన్నిసార్లు పోతుంది. పోస్టర్ కలర్ బొమ్మకూ, జెల్ పెన్ గీతలున్న బొమ్మకూ బ్రష్‌తో పూసే వార్నిష్ అసలు వద్దు, రంగూ గీతా కలిసి అలుక్కుపోతాయి. వాటిని ఫ్రేము కట్టే దుకాణంలో ఇచ్చి అద్దం వేయించుకోండి. అద్దం బొమ్మకు అంటుకోకుండా చుట్టూ మౌంట్ (మందపాటి అట్ట అంచు) పెట్టమని చెప్పాలి.