వాడని రష్‌ని (షూట్ చేసిన ముడి ఫుటేజ్‌ని), పక్కన పెట్టిన టేకుల్ని ఎలా దాచాలి

సినిమా కాపీ చేతికి రాగానే ఎడిట్ రూమ్‌లో హార్డ్ డిస్కులు ఖాళీ చేసే తొందర మొదలవుతుంది. ఎడిటర్‌గా నేను ముందు ఆపించేది ఆ పనినే. 1942లో ఆర్సన్ వెల్స్ తీసిన 'ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్'లో స్టూడియో 40 నిమిషాలకు పైగా కోసేసింది, ఆ నెగటివ్‌నీ ధ్వంసం చేసింది. ఇంగ్లండ్ మ్యూజిక్ బ్యాండ్ బీటిల్స్‌వి మాత్రం 1969 జనవరి నాటి దాదాపు 60 గంటల ఫిల్మ్, 150 గంటల ఆడియో మిగిలాయి. డైరెక్టర్ పీటర్ జాక్సన్ 2021లో 'గెట్ బ్యాక్' డాక్యుమెంటరీ చేయగలిగింది అందుకే.

కాపీల సంగతి తర్వాత, ముందు లాగ్ (ఏ టేకులో ఏముందో చెప్పే పట్టిక) రాయండి. "సీన్ 42, టేక్ 3, ఎన్‌జీ" (నో గుడ్, అంటే బాగోలేదు) అని వదిలేస్తే రేపు చూసేవాళ్లకు ఏమీ అర్థం కాదు. "నటన చాలా బాగుంది, చివర్లో మైక్ ఫ్రేమ్‌లోకి దిగింది, ఆడియో శుభ్రంగా ఉంది" అని రాస్తే ఆ గొంతు ఎప్పుడైనా పనికొస్తుంది. ఎందుకు తీసేశారో తప్పకుండా రాయాలి. డైరెక్టర్, అసిస్టెంట్లు ఇంకో సినిమాలో పడకముందే కూర్చోబెట్టి అడగండి.

పాటల విషయంలో సెషన్ ఫైల్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాట పని సేవ్ అయ్యే ఫైల్) ఒక్కటే దాస్తే చాలదు. ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు) మారిపోతే అది సరిగ్గా తెరుచుకోదు. ప్రతి ట్రాక్‌నీ సున్నా సెకను నుంచే మొదలయ్యేలా 24 బిట్ వేవ్ ఫైలుగా తీయండి. అప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌లో వేసినా అన్నీ కలిసే నడుస్తాయి. టెంపో, శ్రుతి ఫైలు పేరులోనే ఉండాలి. పాట మొదలయ్యే ముందు గాయకులు మాట్లాడుకునే మాటల్ని దయచేసి కత్తిరించకండి. ఆ పాట ఎలా తయారైందో నాకు ఎక్కువగా తెలిసేది ఆ మాటల్లోనే.

తర్వాత మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద, ఒకటి వేరే చోట. చెక్‌సమ్ (ఫైలు ఏమాత్రం మారినా పట్టించే సంఖ్య) తీసి పెట్టుకుని ఏడాదికోసారి సరిచూడండి.

పాత టేపు జిగురుగా ప్లేయర్ హెడ్‌కి అంటుకుంటుంటే వెంటనే ప్లే ఆపేయండి. తేమ పీల్చుకుని దాని బైండర్ (అయస్కాంత పొడిని టేపుకి పట్టి ఉంచే పూత) పాడైందన్నమాట. తెలిసినవాళ్లు దాన్ని 50 డిగ్రీలు దాటిన సన్నని వేడిలో గంటల తరబడి ఆరబెట్టి, ఆ వెంటనే డిజిటల్‌కి ఎక్కిస్తారు. వంటింటి ఓవెన్‌లో ప్రయత్నించొద్దు. ఫిల్మ్ డబ్బాలో వెనిగర్ వాసన వస్తే ఫిల్మ్ పాడవుతోందన్నమాట, ఆ రీలుని మిగతావాటి నుంచి వేరు చేసి, ముందు దాన్నే స్కాన్‌కి పంపండి.

ఎవరైనా "ఈ టేకు బయటికి రాకూడదు" అని అడిగి ఉంటే, ఆ మాట లాగ్‌లో అదే వరసలో ఎర్ర రంగులో రాయండి. ఫైలు ఎవరికి ఇచ్చినా లాగ్ కూడా కలిపే ఇవ్వండి.