మా పాత ఎంజీబీ కారులో హీటర్ మళ్ళీ ఎలా పనిచేసిందంటే

నాది 1972 ఎంజీబీ జీటీ, ఇంగ్లండ్‌లోనే ఉంటాం కాబట్టి డిసెంబర్‌లో హీటర్ లేకపోతే చేతులు స్టీరింగ్‌కి అంటుకుపోతాయి. ఫ్యాన్ తిరుగుతోంది, గేజ్‌లో ఇంజిన్ వేడి నార్మల్‌కే వస్తోంది, లోపలికి మాత్రం చల్లగాలి. అంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే వాల్వ్) తప్పు కాదన్నమాట, అది తెరుచుకునే ఉండిపోతే గేజ్ ముల్లు మామూలుగా అంత పైకి రాదు.

ఇంజిన్ వేడెక్కాక హీటర్ గొట్టాలు చేత్తో పట్టుకుని చూశా (ఫ్యాన్ బెల్ట్‌కి దూరంగా, జాగ్రత్త). ఇంజిన్ పైభాగమైన సిలిండర్ హెడ్ మీద, హీటర్‌కి వేడినీళ్ళు వదిలే హీటర్ వాల్వ్ ఉంటుంది, అది ముట్టుకుంటే కాలిపోతోంది, దాని నుంచి హీటర్‌కెళ్ళే గొట్టం మాత్రం చల్లగా ఉంది. డాష్ మీద నాబ్ తిప్పితే కేబుల్ కదులుతోంది గానీ వాల్వ్ లోపల బిగుసుకుపోయింది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) దింపి, రెండు నట్లు విప్పితే లోపల అంతా గోధుమరంగు బురద, యాభై ఏళ్ళ తుప్పు మరి! కొత్త వాల్వ్, కొత్త గ్యాస్కెట్ వేశా.

అదే ఊపులో తోట పైపుతో హీటర్ మ్యాట్రిక్స్‌లోకి (గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) ఎదురు దిక్కున మెల్లగా నీళ్ళు పంపా, ప్రెషర్ ఎక్కువైతే పాత సోల్డర్ అతుకులు ఊడతాయి. తేటనీళ్ళు రావడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత కూడా వేడి రాలేదు! గొట్టాల్లో గాలి ఇరుక్కుంది. వాల్వ్ తెరిచి ఉంచి, హీటర్ నుంచి వెనక్కొచ్చే రిటర్న్ గొట్టం పైకెత్తి అందులోంచే కూలెంట్ పోస్తే బుడగలన్నీ పోయాయి. కాళ్ళ దగ్గర గాలి వదిలే ఫ్లాప్‌ల ఫోమ్ కూడా పొడైపోయింది, అదీ మార్చా. ఇప్పుడు మా ఆవిడ కూడా శాలువా లేకుండానే ఎక్కుతోంది.