తల అరిగిన బోల్టు: ఇంజను పాడవకుండా బయటికి తీయడం

పానా గానీ స్క్రూడ్రైవర్ గానీ ఒక్కసారి జారిందంటే చెయ్యి ఆపేయండి. మొదటిసారి జారినప్పుడు బోల్టు తల కొంతే నలుగుతుంది, మిగతాది మన పంతం వల్ల పోతుంది. పట్టు కాస్త మిగిలి ఉన్నప్పుడు పని చిన్నదే. అదీ పోయాక డ్రిల్లు, వెల్డింగు, చివరికి లేత్ షాపు. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా 100 నుంచి 150 సీసీ బండ్ల క్లచ్ కవర్, మాగ్నెట్ కవర్లకు ఉండే ఎం6 (మర మందం 6 మిల్లీమీటర్లు) బోల్టుల గురించి. ఎక్కువగా అరిగేవి ఇవే.

ముందు జబ్బు ఏదో తేల్చుకోవాలి. తల అరగడం వేరు, బోల్టు లోపల పట్టేయడం వేరు. ఇనుప బోల్టు అల్యూమినియం కేసింగులో ఏళ్ల తరబడి తడికి నానితే మరల మధ్య తెల్లటి పొడి పేరుకుని ఉబ్బుతుంది. అదే బోల్టును బిగబట్టేది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరంలో ఉప్పుగాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. మూడో రకం, బోల్టు హాయిగా తిరుగుతుంది గానీ బయటికి రాదు. కేసింగులో మర పోయిందన్నమాట. అప్పుడు తలను ప్లయరుతో బయటికి లాగి పట్టుకుని తిప్పుతూ పోవాలి. కవరుకూ కేసుకూ మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకండి. ఆ ముఖం మీద గీత పడితే కొత్త గాస్కెట్ వేసినా ఆయిల్ కారుతుంది. అసలు తిప్పే దిక్కు సరైనదో కాదో కూడా చూసుకోండి. ఉదాహరణకు యమహా బండ్లలో కుడివైపు అద్దానికి ఎడమ మర (మామూలుకు వ్యతిరేక దిక్కున విప్పేది) ఉంటుంది.

ఇక బోల్టును వదులు చేయడం. తల చుట్టూ మట్టి గీకి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, కనీసం రాత్రంతా వదిలేయండి. కొట్టిన ఐదు నిమిషాలకే పానా వేస్తే స్ప్రే దండగ. మర్నాడు తల మీద నిటారుగా, మరీ గట్టిగా కాకుండా నాలుగైదు సుత్తి దెబ్బలు వేయండి. మరల మధ్య పొడి పగిలి ఆయిల్ లోపలికి దిగుతుంది. ఆ తర్వాత వేడి. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి బోల్టు చుట్టూ ఉన్న కేసింగును హీట్ గన్‌తో కాచితే పట్టు సడలుతుంది. హీట్ గన్ లేకపోతే బండిని పది పదిహేను నిమిషాలు నడిపి, ఇంజను వేడిగా ఉండగానే ప్రయత్నించవచ్చు. స్ప్రే తడి తుడవకుండా కాచకండి. పెట్రోల్ ట్యాంకు, కార్బురేటర్ దగ్గర మంట అసలు వద్దు.

ప్లస్ గాడి స్క్రూలైతే తప్పు చాలావరకు స్క్రూడ్రైవర్‌దే. జపాన్ డిజైను బండ్లలో వచ్చేది జేఐఎస్ (జపాన్ ప్రమాణం) గాడి. మామూలు ఫిలిప్స్ ముక్కు అందులో అడుగుదాకా దిగదు, బలం పెట్టగానే పైకి ఎగదన్నుతుంది. సైజు కూడా చూడాలి. ఎం6 స్క్రూకు 3వ నంబరు బిట్టు, ఎం4, ఎం5 స్క్రూలకు 2వ నంబరు. ఇంట్లో ఉండేది సాధారణంగా 2వ నంబరే, దాన్నే అన్నిటికీ వాడేస్తారు. గాడి ఇప్పటికే నలిగి ఉంటే స్క్రూ తల మీద గుండ్రటి సుత్తితో మెల్లగా కొట్టి చెదిరిన లోహాన్ని గాడిలోకి నెట్టి, సరైన బిట్టును దాంట్లోకి దిగగొట్టండి. కొత్త గాడి పడుతుంది. ఆ తర్వాత ఇంపాక్ట్ డ్రైవర్. బ్యాటరీది కాదు, సుత్తితో కొట్టేది. బిట్టును గాడిలో పెట్టి, డ్రైవర్ ఒంటిని ఎడమకు తిప్పి బిగబట్టి, అరకిలో నుంచి కిలో సుత్తితో ఒక్క దెబ్బ గట్టిగా వేయండి. దెబ్బ బిట్టును లోపలికి నొక్కుతూనే తిప్పుతుంది కాబట్టి జారే వీలుండదు. పది చిన్న దెబ్బల కంటే ఒక పెద్ద దెబ్బ మేలు. బండి మెయిన్ స్టాండు మీద కదలకుండా ఉండాలి.

ఎలన్ కీ బోల్టుల్లో (తలలో ఆరు పలకల గుంత ఉండేవి) సగం కేసులు గుంతలోని మట్టి వల్లే వస్తాయి. కీ పూర్తిగా దిగక పై అంచు మాత్రమే పట్టుకుని కోసేస్తుంది. సూదితో మట్టి తీయండి. కీ ముక్కు అరిగి ఉంటే గ్రైండరుతో 3 మిల్లీమీటర్లు కోసేస్తే పదునైన అంచులు వస్తాయి. గుండ్రటి ముక్కున్న వైపుతో బిగువైన బోల్టు ఎప్పుడూ విప్పకండి. గుంత గుండ్రమైపోతే టార్క్స్ (నక్షత్రం ఆకారపు) బిట్టు కొట్టాలి: 4 మిల్లీమీటర్ల గుంతకు టీ25, 5కు టీ30, 6కు టీ40. సుత్తితో దిగగొట్టి నిదానంగా తిప్పండి. హెక్స్ (ఆరు పలకల) తల బోల్టుకైతే పన్నెండు మూలల రింగు పానా పక్కన పెట్టి ఆరు మూలల సాకెట్ వాడండి. అది మూలలను కాకుండా పక్కలను పట్టుకుంటుంది. 10 నంబరు తల అరిగితే 3/8 అంగుళం సాకెట్ (9.5 మి.మీ.) దాని మీదికి దిగగొట్టవచ్చు. తల బయటికి పొడుచుకొచ్చి ఉంటే వైస్ గ్రిప్ (బిగించి లాక్ చేసే ప్లయరు) చాలు.

ఇవేవీ పట్టకపోతే చాలామంది ఎక్స్‌ట్రాక్టర్ (బోల్టులో రంధ్రం పెట్టి, అందులో దిగగొట్టి ఎడమకు తిప్పే పనిముట్టు) కొనుక్కొస్తారు. కవర్ బోల్టుకు అంతకంటే తల ఎగరగొట్టడమే మంచి దారి. మిగతా బోల్టులన్నీ తీసేసి దీన్ని చివరికి ఉంచండి. ఎం6 ఎలన్ బోల్టు తల వెడల్పు 10, ఎత్తు 6 మిల్లీమీటర్లు. మధ్య గుంతే డ్రిల్లుకు దారి చూపిస్తుంది. 6 లేదా 6.5 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టుతో, తక్కువ వేగంలో, చుక్క చుక్కగా ఆయిల్ వేస్తూ తొలచండి. తల ఊడి బిట్టుతో పాటు తిరగగానే ఆపేయాలి. ఇనుప రజను పూర్తిగా తుడిచాకే కవరు తీయండి, అది ఇంజన్లోకి పోకూడదు. క్లచ్ కవరైతే ముందే ఆయిల్ దించేయాలి. కవరు వచ్చాక బోల్టు ఒళ్లు బయటికి నిలబడి ఉంటుంది. తలకూ మరకూ మధ్య ఉన్న లాగుడు పోయింది కాబట్టి ఇప్పుడు వైస్ గ్రిప్‌తో తేలిగ్గా తిరుగుతుంది, ఒక్కోసారి వేళ్లతోనే వచ్చేస్తుంది.

బోల్టు కేసింగుతో సమానంగా విరిగిపోయిందా? దాని మీద ఎం8 నట్టు పెట్టి మధ్యలో వెల్డింగు నింపించండి. ఇనుప వెల్డింగు అల్యూమినియానికి అంటుకోదు, పైగా ఆ వేడికి బోల్టు కూడా వదులవుతుంది. ఎరుపు తగ్గాక, ఇంకా వేడిగా ఉండగానే తిప్పాలి. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైర్లు, ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండి అయితే ఈసీయూ (ఇంజను కంప్యూటర్) కనెక్టరూ తీయించండి. ఎర్త్ క్లాంపు బోల్టుకు దగ్గరలోనే పెట్టించాలి, లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోతుంది.

ఎక్స్‌ట్రాక్టర్‌ను చివరికి నెట్టడానికి కారణం ఉంది. ఎం6లో దానికి 3 మిల్లీమీటర్ల రంధ్రమే పెట్టగలం. పూర్తి బోల్టే తిరగక విరిగితే, అంతకంటే సన్నని ఎక్స్‌ట్రాక్టర్ దాన్ని ఎలా తిప్పుతుంది? అది లోపల విరిగితే మామూలు డ్రిల్లు బిట్టు దాన్ని కోయలేదు. బోల్టు పట్టేయకుండా, అతిగా బిగించడం వల్ల విరిగిన చోట మాత్రమే వాడండి. అక్కడైనా ఎడమ చేతి డ్రిల్లు బిట్టు (ఎడమకు తిరుగుతూ తొలిచేది) దొరికితే అదే ముందు. తొలుస్తుండగానే బోల్టు బయటికి వచ్చే అవకాశం ఉంది.

బ్రేకుల దగ్గర పద్ధతి మారుతుంది. డిస్క్ బోల్టులకు లాక్ జిగురు ఉంటుంది కాబట్టి స్ప్రే పనిచేయదు, డిస్క్ మీద ఆయిల్ పడితే బ్రేకే పడదు. అక్కడ వేడే మందు. తీసిన డిస్క్ బోల్టులు మళ్లీ వాడకుండా కంపెనీ కొత్తవి, జిగురుతో వేయండి. హ్యాండిల్ మీది బ్రేక్ ఆయిల్ డబ్బా మూత స్క్రూలు సన్నని ఎం4వి. అక్కడ వేడి వద్దు, లోపల రబ్బరు ఉంది. 2వ నంబరు జేఐఎస్ బిట్టు పెట్టి దాని మీద చిన్న సుత్తితో తట్టి తిప్పితే చాలావరకు వస్తాయి. చుట్టూ తడి గుడ్డ కప్పండి, బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది.

కేసింగు మర పోతే హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే స్ప్రింగు) వేయించండి. ఎం6కు 6.3 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టుతో తొలిచి, దాని ప్రత్యేక ట్యాపుతో (మర కోసే పనిముట్టు) మర కోసి, స్ప్రింగు ఎక్కిస్తారు. మామూలు ఎం6 ట్యాపు ఆ పనికి రాదు. పెద్ద బోల్టుకు మర కొట్టిస్తామంటే ఒప్పుకోకండి, చుట్టూ గోడ పల్చబడుతుంది.

బిగించేటప్పుడు పొడవులు కలపకండి. విప్పిన బోల్టులను అట్టముక్క మీద కవరు ఆకారంలో గుచ్చి ఉంచండి. పొడవాటిది చిన్న రంధ్రంలో వేస్తే అడుగు తగిలి కేసింగు పగులుతుంది. పొట్టిది పెద్ద రంధ్రంలో రెండు చుట్లే పట్టి మరను పీకేస్తుంది. మరలకు కొద్దిగా యాంటీ సీజ్ (మర పట్టేయకుండా రాసే పేస్టు) రాయండి. స్టీల్ అందం కోసం స్టెయిన్‌లెస్ బోల్టులు వేసేవాళ్లకు ఇది తప్పనిసరి. అల్యూమినియంతో అవి ఇంకా త్వరగా పట్టేస్తాయి. ఎదురెదురు బోల్టులను వంతులవారీగా బిగిస్తూ టార్క్ పానాతో 10 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపేయండి, యాంటీ సీజ్ రాస్తే ఇంకొంచెం తక్కువకే.